గుంపులో దాక్కున్నది ఒక్కటా, వందలా?

రోహిణి కార్తెలో రోహిణి కనబడదు. రోళ్లు పగిలే ఎండ కాసే ఆ రెండు వారాలూ సూర్యుడు పోయి సరిగ్గా ఆ నక్షత్రం ఉన్న దిక్కునే కూర్చుంటాడు. దాంతో కార్తెకి పేరిచ్చిన నక్షత్రం పట్టపగలు మన నెత్తి మీద నుంచే దాటిపోతున్నా కంటికి ఆనదు. ఆ మాటకొస్తే రోహిణి దిక్కునే రెండు మూడు బ్లాక్ హోళ్లు కూడా అలాగే కంటికి ఆనకుండా ఉండొచ్చని 2023లో కొందరు లెక్కలేసి చెప్పారు. వాటి సంగతి చివర్లో చూద్దాం. ముందు దక్షిణానికి తిరగాలి.

మాది కళింగపట్నానికి దగ్గర్లో చిన్న ఊరు. మే నెలాఖరులో రాత్రి తొమ్మిదికి కరెంటు పోయిందంటే ఇంటిల్లిపాదీ చాపలూ దిండ్లూ పట్టుకుని మేడెక్కేస్తాం. నిరుడు అలాంటి ఒక రాత్రి, సెలవులకొచ్చిన మా మేనల్లుడు ఫోన్లో బ్లాక్ హోల్ వీడియో ఒకటి చూస్తున్నాడు. తంబ్‌నెయిల్ మీద ఎర్ర అక్షరాలతో ‘భూమిని మింగేస్తుందా?’ అని ఉంది, పక్కన నోరు తెరుచుకున్న నల్లటి సుడిగుండం. వీడియో అయ్యాక వాడు అడిగిన ప్రశ్న మాత్రం ఆ వీడియో చేసినాయనకి తట్టనిది.

“ఏటి మావయ్యా, నల్లగా ఉండీదాన్ని నల్లటి ఆకాశంలో ఎలాగ కనిపెట్టీసినారు?”

సముద్రం వైపు చూపించాను. ఆ రోజుల్లో తొమ్మిదింటికి సరిగ్గా దక్షిణాన, చెయ్యి చాచి నీటి అంచు మీద పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ పోతే రెండున్నర పిడికిళ్ల ఎత్తులో, కాస్త చెదిరినట్టుండే చుక్క ఒకటుంటుంది. నా దగ్గరున్న బైనాక్యులర్లో ఒకవైపు మసక, ఒక కన్ను మూసుకుని చూడాల్సిందే. అయినా తేడా తెలిసిపోతుంది, అది చుక్క కాదు, నలిపి పెట్టిన దూది ఉండ. దాని పేరు ఒమేగా సెంటారీ. పూర్వం దాన్ని నక్షత్రమనే జాబితాల్లో రాసుకున్నారు. తోకచుక్కతో పేరు మోసిన ఎడ్మండ్ హేలీ 1677లో సెయింట్ హెలీనా దీవి నుంచి చూసి, ఇది మామూలు నక్షత్రంలా లేదే అన్నాడు. అక్కడ ఉన్నది సుమారు కోటి నక్షత్రాలు, మనకి 17 వేల కాంతి సంవత్సరాలకి పైగా దూరంలో, ఒకదాని గురుత్వాకర్షణకి ఇంకొకటి కట్టుబడి గుండ్రంగా మూగిన గుంపు. మన సూర్యుడికి అతి దగ్గరి పొరుగు నక్షత్రం 4 కాంతి సంవత్సరాలకి పైగా దూరంలో ఉంటే, ఒమేగా సెంటారీ నడిమధ్యలో నక్షత్రానికీ నక్షత్రానికీ మధ్య దూరం కాంతి సంవత్సరంలో పదో వంతే ఉంటుంది. ఇలాంటి గోళాకార నక్షత్ర గుచ్ఛాలు మన పాలపుంత చుట్టూ 150కి పైగా ఉన్నాయి, దాదాపు అన్నీ వెయ్యి కోట్ల ఏళ్ల పైబడినవే.

మరి బ్లాక్ హోల్ ఎంత ఉంటుంది? పది సూర్యుల బరువున్నదైతే అడ్డంగా 60 కిలోమీటర్లు. అంటే విజయనగరం కోట దగ్గర ఒక అంచు పెడితే రెండో అంచు శ్రీకాకుళం దాటి కాస్త అవతల. అంతే. కాంతిని బయటికి వదలదు, చుట్టూ మింగడానికి గ్యాస్ లేకపోతే వేడెక్కి మెరిసేదీ ఏమీ ఉండదు. వేల కాంతి సంవత్సరాల దూరంలో మన రెండు జిల్లా కేంద్రాల మధ్య దూరమంత నల్లటి వస్తువుని ఏ టెలిస్కోపూ నేరుగా చూడలేదు. అది ఒంటరిగా తిరుగుతుంటే దాదాపు ఆశ వదులుకోవడమే. గుచ్ఛంలో ఉంటే మాత్రం చుట్టూ లక్షల మంది సాక్షులు.

సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర ఏదైనా మేడ మీద నిలబడి చూసినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. పై నుంచి చూస్తే అన్నీ తలకాయలే. కానీ జనం మధ్యలోంచి ఎద్దుల బండి ఒకటి వస్తోందనుకోండి, ఆ బండి మనకి కనబడకపోయినా తలకాయలు పక్కకి జరిగే తీరు చూసి అది ఎక్కడుందో, ఎటు వెళ్తోందో చెప్పేయొచ్చు. గుచ్ఛాల్లో బ్లాక్ హోళ్ల వేట కూడా తలకాయల కదలికని చూడటమే.

ఇంకో సంగతి కూడా కలిసొస్తుంది. గుచ్ఛంలో బరువైనవి తమంతట తామే నడిమధ్యకి జారిపోతాయి. క్యారమ్స్ ఆడినవాళ్లకి తెలుసు, బరువైన స్ట్రైకర్ పోయి తేలికైన కాయిన్‌ని కొడితే కాయిన్ ఎగిరిపోతుంది, స్ట్రైకర్ వేగం తగ్గిపోతుంది. నక్షత్రాలు ఒకదాన్నొకటి తగలక్కర్లేదు, దగ్గర్నుంచి దాటిపోయినా గురుత్వాకర్షణ ఆ పని చేసేస్తుంది. ఇలాంటివి కోట్ల ఏళ్లు జరిగితే బరువైనవి వేగం పోగొట్టుకుని మధ్యలోకి దిగుతాయి, తేలికైనవి ఆ వేగం పుచ్చుకుని అంచులకి పోతాయి. బరువైనదాన్ని వెనక్కి లాగే ఈ ‘ఘర్షణ’కి 1943లో లెక్క కట్టింది మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖరే. గుచ్ఛం పుట్టినప్పుడు స్థూలంగా వెయ్యి నక్షత్రాలకి ఒకటో రెండో మాత్రమే బ్లాక్ హోల్‌గా మారేంత పెద్దవి, కానీ గుచ్ఛంలో లక్షలున్నాయంటే అవి వందల్లోకి వస్తాయి. అవన్నీ నడిమధ్యకి చేరితే ఏమవుతుంది?

ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. రెండు జంట కడతాయి, మూడోది వచ్చి కలబడుతుంది, ఆ తోపులాటలో ఏదో ఒకటి గుచ్ఛం దాటి విసిరేసినట్టు పోతుంది. ఇలా చివరికి ఒకటో రెండో మిగులుతాయి, లేదా అసలేమీ మిగలవని 1993లో మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస్ కులకర్ణి, ఆయన తోటివాళ్లు లెక్కగట్టి చెప్పారు. చాలా కాలం అందరూ అదే నమ్మారు. 2007లో వేరే గెలాక్సీలోని ఒక గుచ్ఛంలో ఎక్స్‌రేలు చిమ్ముతున్న బ్లాక్ హోల్ కనబడింది, సరే అదొక్కటీ మిగిలిందేమో అనుకున్నారు. 2012లో మన పాలపుంతలోని ఎం22 గుచ్ఛంలో రేడియో సిగ్నల్ ఇస్తూ ఒకటి కాదు, రెండు కనబడ్డాయి. తిండి దొరికి వెలిగే బ్లాక్ హోళ్లు కొద్దిపాటే ఉంటాయి కదా, అలాంటివే రెండు కనబడ్డాయంటే వెలగనివి ఇంకెన్ని ఉండాలి? అక్కడితో పాత నమ్మకం బీటలు వారింది.

వెలగనిదాన్ని పట్టుకోవడం 2018లో కుదిరింది, ఆ పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టం. మన ఆడపిల్లలు ఒప్పులకుప్ప ఆడతారు కదా, ఇద్దరు చేతులు పట్టుకుని వెనక్కి వాలి గిర్రున తిరుగుతారు. చీకట్లో ఒకపిల్ల తెల్ల పరికిణీలో ఉండి, రెండోపిల్ల ఒళ్లంతా నల్లటి దుప్పటి కప్పుకుందనుకోండి. మనకి కనబడేది తెల్ల పరికిణీ ఒక్కటే, కానీ అది తిరిగే తీరు చూస్తే అవతల ఎవరో ఉన్నారని తెలుస్తుంది, ఎంత బరువున్నవాళ్లో కూడా అంచనా కట్టొచ్చు. చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపుకి బిగించిన మ్యూజ్ అనే పరికరంతో ఎన్‌జీసీ 3201 గుచ్ఛాన్ని చూస్తుంటే ఒక నక్షత్రం 167 రోజులకోసారి ముందుకీ వెనక్కీ ఊగుతూ కనబడింది. దాని బరువు సూర్యుడి బరువులో 0.8 వంతు. అవతలున్న కనబడని జోడీ బరువు కనీసం 4.36 సూర్యులు. అంత బరువుండి వెలుగే లేదంటే ఇంకేమై ఉంటుంది!

అయితే ఈ ఆటలోనూ బోల్తా పడొచ్చు. 2021లో మన పొరుగున ఉన్న చిన్న గెలాక్సీ, పెద్ద మెగెల్లానిక్ మేఘంలోని ఎన్‌జీసీ 1850 గుచ్ఛంలో 11 సూర్యుల బరువున్న బ్లాక్ హోల్ దొరికిందని ప్రకటించారు. ఆ వెంటనే ఇంకో ఇద్దరు వచ్చి, తెల్ల పరికిణీ పిల్ల మీరనుకున్నంత బరువు లేదు, పైపొరలు ఊడి ఉబ్బిన తేలికపాటి నక్షత్రమది, బొద్దుగా కనబడుతోంది అంతే అన్నారు. కనబడే పిల్ల తేలికైతే దాన్ని తిప్పడానికి అవతల బరువైనవాళ్లు అక్కర్లేదు, మామూలు నక్షత్రమే సరిపోతుంది. లెక్క అక్కడికి తేలిపోయింది. మన వీడియోల వాళ్లు మొదటి వార్త వేశారు గానీ రెండోది వేసినట్టు నేనెక్కడా చూడలేదు.

ఇవన్నీ చిన్నవి, ఒక్కో నక్షత్రం కుప్పకూలి పుట్టినవి. అసలు గొడవంతా పెద్దదాని గురించి. గెలాక్సీల మధ్యలో లక్షల, కోట్ల సూర్యుల బరువున్నవి ఉన్నాయి, మన పాలపుంత నడుమ ఉన్నది 40 లక్షలకి పైనే. కింద చూస్తే పది, ముప్పై, వంద సూర్యుల బరువున్నవి ఉన్నాయి. ఈ రెండింటికీ మధ్య, వందకీ లక్షకీ మధ్య, దాదాపు ఖాళీ. గురుత్వాకర్షణ తరంగాల డిటెక్టర్లు 2019లో 142 సూర్యుల దాన్ని పుడుతుండగా పట్టుకున్నాయి, ఆ తర్వాత 2023లో అందిన సిగ్నల్‌లో 225 సూర్యుల దాకా వెళ్లింది, అయినా వేలల్లో ఉన్నవి చిక్కడం లేదు. గుచ్ఛాల నడిమధ్య అలాంటివి దాక్కున్నాయేమోనని ఎప్పటి నుంచో అనుమానం. కేంద్రంలో నక్షత్రాలు ఉండాల్సిన దానికంటే వేగంగా తిరుగుతుంటే అక్కడేదో కనబడని బరువుందని అర్థం, అంతవరకూ ఎవరూ కాదనరు. చిక్కు ఆ తర్వాతే.

ధాన్యం కాటా మీద మూతి కట్టిన గోనె బస్తా పెట్టారనుకోండి. 50 కిలోలు చూపిస్తుంది. లోపల ఒక్క బండరాయి ఉందో, గులకరాళ్లు నింపారో కాటాకి తెలీదు. గురుత్వాకర్షణా అంతే. దూరంగా తిరిగే నక్షత్రానికి మధ్యలో 4,000 సూర్యుల బ్లాక్ హోల్ ఒక్కటే ఉన్నా, అదే చోట చచ్చిన నక్షత్రాల అవశేషాలైన న్యూట్రాన్ తారలు, శ్వేత కుబ్జాలు, చిన్న బ్లాక్ హోళ్లు అన్నీ కలిసి 4,000 సూర్యుల బరువు తూగినా ఒకేలా లాగుతాయి. 2002లో ఎం15 గుచ్ఛంలో జరిగింది ఇదే. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు కొలతలతో పెద్ద బ్లాక్ హోల్ ఉన్నట్టుందన్నారు, మరుసటి ఏడే ఇంకొందరు ఆ బరువుకి చచ్చిన నక్షత్రాల గుంపు చాలని చూపించారు. గత ఇరవై ఏళ్లలో ‘దొరికింది’ అన్న ప్రతి పెద్ద బ్లాక్ హోల్ వెనకా ఈ బండరాయా గులకరాళ్లా అన్న ప్రశ్నే వచ్చి నిలబడింది.

మా మేడ మీద నుంచి కనబడే ఒమేగా సెంటారీ కథ ఇంకా తమాషా. 2008లో ఒక బృందం అందులో 40 వేల సూర్యుల బ్లాక్ హోల్ ఉందంది. 2010లో హబుల్ ఫోటోలతో ఇంకొకరు లెక్క చూసి, మీరు గుచ్ఛం కేంద్రాన్నే వేరే చోట పెట్టుకున్నారు, అసలు కేంద్రం దగ్గర చూస్తే ఉన్నా 12 వేలకి మించదన్నారు. కోటి నక్షత్రాల మధ్య నడిమధ్య ఎక్కడో తేల్చడమే పెద్ద పని, సిరిమాను నాటి జనానికి సరిగ్గా మధ్యలో నిలబడ్డ మనిషెవరో మేడ మీద నుంచి చూసి చెప్పమన్నట్టు.

2024 జులైలో మాక్సిమిలియన్ హేబర్లె బృందం నేచర్ పత్రికలో రాసింది చదివాక నేను కాస్త మెత్తబడ్డాను. వాళ్లు 20 ఏళ్లకి పైగా హబుల్ తీసిన 500కి పైగా ఫోటోలని ఒకదాని మీద ఒకటి పేర్చి, 14 లక్షల నక్షత్రాల కదలిక కొలిచారు. కదలిక ఎంతుంటుందంటే, సెకనుకి 100 కిలోమీటర్లు పరిగెత్తే నక్షత్రం కూడా అంత దూరం నుంచి చూస్తే 20 ఏళ్లలో ఫోటో మీద రెండు పిక్సెళ్లు జరుగుతుంది, అంతే. అంత ఓపికతో చూస్తే సరిగ్గా నడిమధ్యన, పావు కాంతి సంవత్సరం వ్యాసార్ధంలో, ఏడు నక్షత్రాలు ఉండకూడని వేగంతో పోతున్నాయి. అక్కడ సెకనుకి 62 కిలోమీటర్లు దాటితే నక్షత్రం గుచ్ఛాన్ని వదిలి పారిపోవాలి. ఈ ఏడూ అంతకంటే వేగంగా ఉన్నాయి. పట్టి ఉంచేదేమీ లేకపోతే వెయ్యేళ్లలోపే ఆ నడిమధ్య దాటి పోయుండాలి. వెయ్యేళ్లంటే ఎంత, మన శ్రీముఖలింగం గుడి వయసంత కూడా లేదు. వెయ్యి కోట్ల ఏళ్ల గుచ్ఛంలో ఏడు నక్షత్రాలు ఒక్కసారే సరిగ్గా మనం చూసే వేళకి పారిపోతూ దొరకడం అసాధ్యం. వాటిని కట్టేసి ఉంచేదేదో ఉంది. కనీసం 8,200 సూర్యుల బరువు, అదీ కొద్దిపాటి చోటులో. దూరంగా తిరిగేవాటితో తూచడం వేరు, బస్తాకి ఆనుకుని తిరిగేవాటితో తూచడం వేరు. ఇంత దగ్గరగా వెళ్తే గులకరాళ్ల వాదన నిలబడటం కష్టం.

కథ అక్కడ ఆగితే బాగుండును. 2025లో ఇంకో బృందం అదే గుచ్ఛంలోని పల్సర్లని లెక్కలోకి తెచ్చింది. పల్సర్లు గడియారాల్లా టిక్కుటిక్కుమంటూ సిగ్నల్ ఇచ్చే న్యూట్రాన్ తారలు, వాటిని ఏదైనా లాగుతుంటే ఆ టిక్కులో చిన్న తేడా వస్తుంది. ఆ తేడాలూ నక్షత్రాల వేగాలూ కలిపి చూస్తే, మధ్యలో పరుచుకుని ఉన్నది చిన్న చిన్న బ్లాక్ హోళ్ల వంటి వాటి గుంపేనని, మొత్తం రెండు మూడు లక్షల సూర్యుల బరువు ఉంటుందని, ఒక్కటే పెద్దది ఉన్నా 6,000 దాటదని తేల్చారు. ఒకరు 8,200కి తగ్గదంటారు, ఇంకొకరు 6,000కి మించదంటారు! పైగా ఆస్ట్రేలియా రేడియో టెలిస్కోపులతో గంటల కొద్దీ వెతికితే అక్కడ ఏ సిగ్నలూ దొరకలేదు, ఉన్నా అది ఆకలితో పడుకుందన్నమాట.

నన్నడిగితే ఏడు నక్షత్రాల వైపే మొగ్గుతాను. ఒమేగా సెంటారీ మామూలు గుచ్ఛం కాకపోవచ్చు, ఒకప్పుడు పాలపుంత మింగేసిన చిన్న గెలాక్సీ తాలూకు నడిగుండె అని చాలామంది అభిప్రాయం, గెలాక్సీల నడుమ పెద్దవి ఉండటం రివాజే కదా. కానీ పందెం కట్టమంటే మాత్రం కట్టను. ఆ ఏడింటి దారి వంపు తిరగడం కళ్లారా చూడాలి, పాలపుంత కేంద్రంలో ఎస్2 నక్షత్రం 16 ఏళ్లకోసారి చుట్టు తిరగడం చూసినట్టు. దానికే కదా 2020లో నోబెల్ ఇచ్చారు.

ఈ గులకరాళ్లు ఉంటే గుచ్ఛం ఆకారమే మారిపోతుందని ఈమధ్య తేలింది, నాకు బాగా నచ్చిన మలుపు ఇది. మధ్యలో చేరిన చిన్న బ్లాక్ హోళ్లు అక్కడికొచ్చిన నక్షత్రాల్ని తన్ని తరిమేస్తుంటాయి, దాంతో గుచ్ఛం కడుపు ఉబ్బినట్టు వదులుగా తయారవుతుంది. అవి అయిపోయాకే నక్షత్రాలు మధ్యలో కిక్కిరుస్తాయి. అంటే ఎం15లాగా నడిమధ్య కిక్కిరిసి ఉంటే ఏదో దాక్కుందని ఒకప్పుడు అనుమానించేవాళ్లు, ఇప్పుడదే దృశ్యాన్ని చూసి బ్లాక్ హోళ్లు ఖాళీ అయ్యాయంటున్నారు. వదులుగా, రేపో మాపో చెదిరిపోయేలా ఉన్న పాలోమార్ 5 గుచ్ఛంలో వందకి పైగా బ్లాక్ హోళ్లున్నాయని, గుచ్ఛం బరువులో ఐదో వంతు అవేనని 2021లో లెక్కగట్టారు. పూర్తిగా చెదిరిపోయాక ఏం మిగులుతుందో కూడా చూశాం. 2024లో నక్షత్రాల స్థానాలు కొలిచే గయా ఉపగ్రహం పట్టుకున్న 33 సూర్యుల బ్లాక్ హోల్, అలా చెదిరిపోయిన పాత గుచ్ఛం తాలూకు నక్షత్రాల ధారతో కలిసే ప్రయాణిస్తోంది.

ఇక రోహిణి. పంచాంగాల్లో రోహిణీ శకటం అంటారు కదా, బండి ఆకారం, ఆ బండిలో ఎర్రగా మెరిసే రోహిణి మనకి 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే మిగతా చుక్కలు దాని వెనక 150 కాంతి సంవత్సరాల దూరంలో ఒక గుచ్ఛంగా ఉన్నాయి. హయడీస్ అంటారు, మనకి అతి దగ్గరి గుచ్ఛాల్లో ఒకటి, పెద్ద గోళాకార గుచ్ఛాల ముందు పసిపిల్ల, కొన్ని వందల నక్షత్రాలే. గయా కొలిచిన స్థానాల్ని బట్టి ఆ నక్షత్రాలు ఎంత విడివిడిగా పరుచుకున్నాయో చూసి, కంప్యూటర్లో అలాంటి గుచ్ఛాల్ని పుట్టించి పెంచి 2023లో పోల్చారు. బ్లాక్ హోళ్లు లేకుండా పెంచితే గుచ్ఛం మరీ బిగుతుగా వచ్చింది, రెండో మూడో వేస్తే సరిపోయింది. ఇంకా లోపలే ఉన్నాయో, లేక గత 15 కోట్ల ఏళ్లలో బయటికి పోయి ఆనవాలు మాత్రం వదిలాయో చెప్పలేదు. లోపలే ఉంటే మాత్రం, ఇప్పుడు తెలిసిన అతి దగ్గరి బ్లాక్ హోల్ 1,560 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కాబట్టి, ఇవి అంతకంటే పది రెట్లు దగ్గర.

భూమిని మింగుతాయా అన్నదానికి జవాబు మా మేనల్లుడికి నేను చెప్పనక్కర్లేకపోయింది, 150 కాంతి సంవత్సరాలంటే ఎన్ని కిలోమీటర్లో వాడే ఫోన్లో లెక్కేసుకుని సున్నాలు చూసి ఊరుకున్నాడు. సంక్రాంతికి మళ్లీ వచ్చాడు. మంచు పట్టకుండా ఉన్న ఒక రాత్రి పిల్లలకోడి పక్కన రోహిణీ శకటాన్ని చూపించాను. చాలాసేపు మెడ పైకెత్తి చూసి, “ఏటి మావయ్యా, ఇందలున్నాయా లేవా?” అన్నాడు.

“బస్తా ఇంకా విప్పలేదురా” అన్నాను. ఈలోగా కింద నుంచి మా అక్క అరిసెలకి పాకం వచ్చిందో లేదో చూడమని కేకేసింది.